మారిన మూత

"ఈ మూత నాది కాదు," అంది లీలారాణి.

మూతలన్నీ గుండ్రంగానే ఉంటాయి కదా అన్నాడు భర్త కృపానిధి, పేపరు దించకుండా. ఆ మాటతో ఆమెకు ఒళ్ళు మండింది. తన మూత మీద 'లీ' అని చెక్కించి ఉంటుంది. నిన్న చర్చి విందు నుంచి తిరిగొచ్చిన ఈ మూత మీద 'ప' అని ఉంది. అంటే ఆడపడుచు పద్మజది. గిన్నె తనది, మూత ఆవిడది. ఇందులో ఏదో ఉందని ఆమె, మూతలో ఏముంటుందని ఆయన అరగంట వాదించుకున్నారు.

ఆ అరగంటలో కృపానిధి మూడుసార్లు పేపరు పారేసి దొడ్లోకి పరుగెత్తాడు.

ఆయనొక్కడే కాదు. కళింగపట్నంలో ఆదివారం జరిగిన ఆ చర్చి వార్షికోత్సవ విందుకు డెబ్బై ఒక్కమంది వచ్చారు. సోమవారం రాత్రికి వాళ్ళలో నలభై ఇద్దరు మంచం పట్టారు. వాంతులు, విరేచనాలు. ఒంట్లో నీరు తగ్గిపోతే మూత్రపిండాలకు ముప్పని ముగ్గురికి సెలైన్ ఎక్కించారు. ఊళ్ళో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఖాళీ అయిపోయాయి. బుధవారానికి అందరూ లేచి కూర్చున్నారు. కూర్చోగానే దోషి ఎవరన్న చర్చ మొదలైంది.

"పాయసమే," అని పద్మజ తేల్చేసింది. "మే నెల ఎండలో పాలు ఆగుతాయేటి వదినా? గిన్నె కడిగినట్టు ఖాళీ అయినాది. అందరూ తిన్నారు, అందరూ పడ్డారు."

ఏ వంటకం తప్పని తేలితే అది ఇక మీదట విందులో ఉండకూడదని స్త్రీల సమాజం తీర్మానించింది.

లీలారాణికి అన్నం సయించలేదు. ఆ చోడిపిండి పాయసం, అదే రాగిపిండి పాయసం, ఆమెకు పద్దెనిమిదేళ్ళ పేరు. తనకు షుగరు కాబట్టి ఏనాడూ నోట్లో వేసుకోదు. చేతి అంచనాతోనే వండుతుంది. వండి అప్పగించి పాటల బృందంలోకి వెళ్ళిపోతుంది. వడ్డించేది కృపానిధి. మొదటి ఏడు ఒక చెంచా రుచి చూసినప్పటి నుంచీ ఆ గరిటె ఇంకెవరి చేతికీ ఇవ్వడు. ఏ ఏడూ గిన్నెలో చుక్క మిగిల్చి తేలేదు.

"ఆ పాయసం వద్దంటే ఇంక చర్చికి ఏ మొకం పెట్టుకుని వెళ్తాను," అంది కూతురికి ఫోన్ చేసి.

కూతురు స్వర్ణ శ్రీకాకుళంలో మెడికల్ కాలేజీలో పీజీ చేస్తోంది. ఇలా ఊరు ఊరంతా ఒకేసారి జబ్బు పడితే కారణం వెతకడమే ఆమె చదువు. ఆదివారం డ్యూటీలో ఉండి విందుకు రాలేదు కనుక ఆమె లెక్కకు పద్మజ కూడా ఒప్పుకుంది.

స్వర్ణ ఫారాల కట్టతో దిగింది. డెబ్బై ఒక్కమందినీ అడిగింది. తిన్నవేవి, తిననివేవి, ఎన్నింటికి మొదలైంది, ఎన్నిసార్లు. జబ్బు పడనివాళ్ళనూ వదల్లేదు.

"బాగున్నోళ్ళని అడిగితే ఏటి తెలస్తాదే?" అంది పద్మజ.

"పడిపోయినోళ్ళు సగమే సెప్తారత్తా. మిగతా సగం బాగున్నోళ్ళ దగ్గరుంటాది."

ఒకరి జవాబు ఇంకొకరికి అంటుకోకూడదని ఒక్కొక్కరినీ విడిగా అడిగింది. తండ్రి వంతు వచ్చినప్పుడు తలుపు కూడా వేసుకుంది. అందరికన్నా ఆయనకే ఎక్కువసేపు పట్టింది. ఓఆర్ఎస్ గ్లాసు పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డ లీలారాణికి లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. విరేచనాల గురించి ఇంత నవ్వేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఆఖరున చర్చి కాపలాదారు ధనరాజు మిగిలాడు. ఆయన తన దొడ్లో గేదెకు గడ్డి వేస్తూ అన్నింటికీ జవాబు చెప్పాడు. అక్కణ్ణుంచి వస్తూ స్వర్ణ ఒక మూత తెచ్చింది. దాని మీద 'లీ' అని ఉంది. అంచుకు గడ్డిపరక అంటుకుని ఉంది.

"ధనరాజు మావ ఇంట్లో ఉండిపోయింది," అంది. లీలారాణి గడ్డిపరక దులిపి, మూత పక్కన పెట్టి, పాయసం సంగతి అడిగింది. రిపోర్టు రానీ అంది స్వర్ణ.

రిపోర్టు మరుసటి ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం పద్మజ కూడా వీళ్ళింట్లోనే భోజనానికి కూర్చుంది. స్వర్ణ కంచం పక్కన పట్టిక పరుచుకుని చదివింది. నిమ్మ షర్బత్ తాగిన నలభై ఆరుగురిలో నలభైమంది పడ్డారు. తాగని పాతికమందిలో ఇద్దరే. ఐసు పెట్టెలో మిగిలిన నీళ్ళు పరీక్ష చేస్తే మురుగు క్రిములు బయటపడ్డాయి.

షర్బత్ పద్మజది. తెచ్చిన ఐసు చాలక, పడవల్లో చేపల మీద వేసే ఐసు దిమ్మ ఒకటి తెప్పించి కొట్టించింది.

"ఐసు ఐసే కదా అనుకున్నాను," అంది పద్మజ చిన్నగా.

"మరి పాయసం?" అంది లీలారాణి. చేతిలో గరిటె ఆగిపోయింది.

స్వర్ణ కాగితంలోకి చూసింది. తండ్రి వైపు చూసింది. మళ్ళీ కాగితంలోకి చూసింది.

"పాయసం తిని పడిపోయిన మనిషి ఒక్కరూ లేరమ్మా."

లీలారాణి ముఖం వెలిగిపోయింది. అందరికీ అడక్కుండానే ఇంకో చేప ముక్క వేసింది. పద్మజకు రెండు వేసింది. ఓడిపోయినవాళ్ళ మీద ఆమెకు జాలి ఎక్కువ.

"నిజం సెప్పాలంటే వదినా, మా వరస దాకా అది ఎప్పుడూ వచ్చింది లేదు," అంది పద్మజ మెత్తబడి. "అయిపోయినాది అంటాడు అన్న."

"అయితే సూడు. వచ్చే ఏడు నుంచి రెండు గిన్నెలు వండతాను," అని లీలారాణి ప్రకటించింది.

కృపానిధికి పొలమారింది.

స్వర్ణ గబగబా మడిచేసిన పట్టికలో పాయసం వరుసకు ఎదురుగా, తిన్నవారు అన్న గడిలో, ఇలా ఉంది: మనుషులు ఎవరూ లేరు, ధనరాజు గేదె ఒకటి, కులాసా.