గోరు దిగని గుండు

తుపాకి గురిపందెం ఇంకో గంటలో మొదలవుతుందనగా, ముక్కూ మొహం తెలియని ముసలాయన ఒకడు, డెస్సీ సంచిలోంచి జారిపడిన సీసం గుండును తీసి ట్రక్కు వెనక రేకు మీద పడేశాడు.

ఖంగుమంది.

"విన్నావా అమ్మాయ్?"

"విన్నాను. నా గుండు నాకిచ్చెయ్."

"మెత్తని సీసం మోగదమ్మా. దబ్బున పడి ఊరుకుంటుంది. ఎవరు పోశారివి?"

"మా అన్నయ్య."

ముసలాయన గుండు ఇచ్చేశాడు.

కెంటకీ కొండల్లో ఆ గట్టు మీద ఒక మర్యాద ఉంది. సొంతవాళ్ళు పోసిచ్చిన గుండు మెత్తనిదో కాదో అని ఎవరూ గోరు గుచ్చి చూడరు. చూస్తే, వాళ్ళు పెట్టిన కూడు వాసన చూసినట్టే.

ఆ ముసలాయన నిన్ననే వచ్చాడు. గురిపలకల వెనకున్న ఓక్ చెట్టును ఉలితో తొలిచి, అందులో ఏళ్ళ తరబడి దిగిన సీసం ఏరుకుని, పొయ్యి రాజేసి కరిగించుకున్నాడు. జనం నవ్వి 'వడ్రంగిపిట్ట' అని పేరు పెట్టారు.

నలుగురూ కాల్చేది గెలిస్తే వచ్చే గొడ్డుమాంసం కోసం. డెస్సీకి ఆ ధ్యాసే లేదు. ఆమెకి కావలసింది వాళ్ళ నాన్న వర్జిల్ తుపాకి. ముత్తాత చేత్తో చేసింది, గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి కాల్చే రకం.

"అది మీ ఇద్దరిదీ. పొత్తు కుదరకపోతే పందెంలో తేల్చుకోండి," అని చెప్పి కన్నుమూశాడు వర్జిల్.

కుదరలేదు. గెలిస్తే అమ్మేస్తానని ఆమె అన్నయ్య ఆర్లిస్, లెక్సింగ్టన్‌లో పాత తుపాకులు సేకరించే ఆసామికి ఫోన్లోనే మాటిచ్చేశాడు. డెస్సీకి దాన్ని గడప దాటనివ్వడం ఇష్టం లేదు. నాన్న ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, తన భుజం మీద ఆ గొట్టం ఆనించి గురి నేర్పాడు.

ఒకే తుపాకి, కాల్చడానికి చెరి అయిదు గుండ్లు, అదనంగా ఒక్కోటి. గురిలో చెల్లెలిదే పైచెయ్యని గట్టంతటికీ తెలుసు. సీసం కరిగించి గుండ్లు పోసే గరిటె మాత్రం చిన్నప్పటినుంచీ అన్నదే.

ముసలాయన జేబురుమాలు విప్పాడు. అయిదు గుండ్లు.

"చెట్టులోంచి తీసి పోశాను. మీ తాతల నాటి సీసం, వెన్నలా ఉంటుంది. గట్టి గుండు గొట్టంలో సరిగ్గా పట్టదు, గురి తప్పుతుంది. ఇవి కాల్చు."

"నీకేంటట లాభం?"

"లాభమా? నిండా మునుగుతానమ్మా."

"మరెందుకిస్తున్నావ్?"

"ఆ తుపాకిని అన్యాయంగా ఓడించకూడదు. అంతే."

డెస్సీ ఆ గుండ్లు పట్టుకుని అన్న దగ్గరికి వెళ్ళింది.

ఆర్లిస్ పగలబడి నవ్వాడు. "వడ్రంగిపిట్ట మాట పట్టుకొచ్చావా? ఎవడో నీ మీద పందెం కాసి వాణ్ణి పంపుంటాడే, పిచ్చి మొహమా!"

"కాదన్నయ్యా, రేకు మీద మోగింది..."

"అయితే గోరు పెట్టి చూడు. ఇదిగో!" అరచేతిలో గుండు పెట్టి, అందరికీ వినిపించేలా అన్నాడు. "రండ్రా, చూడండి! మా చెల్లెలు నా సీసాన్ని పరీక్ష చేస్తుందంట!"

డెస్సీ సిగ్గుతో చచ్చిపోయింది. గోరు పెట్టలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. డెస్సీ ఈశ్వరుడు కాదు కదా, ఒట్టి చెల్లెలు.

తిన్నగా వచ్చి, ముసలాయన కళ్ళ ముందే ఆ అయిదు గుండ్లనూ వాగులోకి విసిరేసింది.

"అన్నాచెల్లెళ్ళ మధ్య చిచ్చు పెట్టడానికి సిగ్గు లేదూ? చెట్లు తొలుచుకుని బతికేవాడివి, అలాగే బతుకు! మళ్ళీ నా కంటబడకు."

ముసలాయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పందెంలో డెస్సీ మొదటి గుండే గొట్టంలోకి దిగనని మొరాయించింది. కర్రసుత్తితో కొడితే గానీ దిగలేదు.

"మసి పట్టుంటుంది. తుడువు," అన్నాడు ఆర్లిస్.

తుడిచింది. రెండు గుండ్లు పలక మీద గీసిన గీత లోపల పడ్డాయి. మూడు పలక దాటి పోయాయి.

ఆర్లిస్ గుండ్లు బొటనవేలితో నొక్కితేనే దిగాయి. అయిదూ గీత లోపలే.

చప్పట్లు మోగుతుంటే డెస్సీ వంగి గడ్డిలో వెతికింది. గుండుకి చుట్టి కూరిన గుడ్డముక్కలు, కాల్చాక ముందుకెళ్ళి పడతాయి. అన్నవి గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. తనవి పీలికలు పీలికలు.

సంచిలో మిగిలిన ఒక్క గుండూ తీసి, మర్యాద పక్కనపెట్టి, గోరు గుచ్చింది.

గోరు విరిగింది. గుండు మీద గీత పడలేదు.

"ఇందులో ఏం కలిపావన్నయ్యా?"

ఆర్లిస్ ఆమె మొహం చూడలేదు. "టైర్లకి తూకం కోసం కొడతారే, ఆ బిళ్ళలు. ఓ గుప్పెడు."

"అన్నిట్లోనా?"

"నీవాటిల్లోనే."

"నన్ను మోసం చేశావా? నువ్వా!"

"నాన్నే లేడు, ఇంక తుపాకి దేనికే? గోడకి తగిలించుకుని ఏడవడానికా?"

ఇన్నేళ్ళూ అతను పోసిచ్చిన ప్రతి గుండునూ ఆమె కళ్ళు మూసుకుని సంచిలో వేసుకుంది. తుపాకి పోయినందుకు వచ్చే ఏడుపు వేరు, ఇది వేరు. నిజం చెప్పిన ఒక్క మనిషినీ పదిమందిలో ఛీ కొట్టానే అని అంతకంటే ఎక్కువ కుమిలింది.

ఆయన కాళ్ళమీదైనా పడదామని పరుగెత్తింది. పొయ్యి దగ్గర బూడిద తప్ప ఏమీ లేదు.

వెనక్కి వచ్చేసరికి బేరం కుదిరిపోయింది. ఆ గట్టు మీద చెయ్యి కలిపాక మాట తిరగదు.

దారి మలుపులో ఆర్లిస్ నవ్వలేక నవ్వుతూ, దుప్పట్లో చుట్టిన తుపాకిని లెక్సింగ్టన్ ఆసామికి అప్పగిస్తున్నాడు. దాన్ని రెండు చేతులా అందుకుంటూ, డెస్సీ వైపు తలెత్తి చూడలేకపోతున్నది పొద్దున ఆమె తరిమేసిన ముసలాయనే.