మూడో గేటు

"ఇప్పుడు మీ మనసు ఎలా ఉంది?" అని ఫోను అడిగే సమయానికి హేమలత ఆటోలో ఒక కోడిపుంజు ముక్కు నుంచి మోకాలు కాపాడుకుంటోంది. నవ్వు ముఖం బొమ్మ నొక్కింది.

ఆ యాప్ పేరు 'నిశ్చింత'. మతిమరుపు జబ్బు మనుషుల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళ మనసు అలసిపోకుండా చూడటం దాని ఉద్యోగం. గంటకోసారి మోగుతుంది. నవ్వు ముఖమో ఏడుపు ముఖమో నొక్కాలి. మూడుసార్లు ఏడుపు నొక్కితే ఖమ్మంలో ఈ పనికి మనుషుల్ని పంపే ఏజెన్సీ నడిపే నాగలత మేడానికి కబురు పోతుంది. ఆవిడ ఫోన్ చేశాక మనసు నిజంగానే అలసిపోతుంది. అందుకని హేమలత ఎప్పుడూ నవ్వే నొక్కుతుంది.

ఆమె భయమంతా గేట్లతోనే. మొదటి ఇంట్లో ముసలమ్మ గేటు దాటి పత్తి మార్కెట్లో తేలింది. రెండో ఇంట్లో పెద్దాయన ఏకంగా కోచింగ్ కాలేజీ బస్సెక్కి లెక్కల క్లాసులో కూర్చున్నాడు.

"మూడో పేషెంటు గేటు దాటిండో, నువ్వు గూడ దాటినట్టే. మీ ఊరు చర్ల పోయి మళ్ల మిరపకాయలు ఏరుకో" అని మేడం తేల్చేసింది.

ఏరడం హేమలతకు కొత్త కాదు. కానీ మూడు నెలలు ట్రైనింగ్ చేసి, తెల్లకోటులో దిగిన ఫొటో తండా అంతా చూపించి, ఇప్పుడు ఏ ముఖంతో వెళ్తుంది?

అశ్వారావుపేట దాటాక పామాయిల్ తోట మధ్యలో ఇల్లు. యజమాని మురళీకృష్ణ పొద్దున్నే ఫోనులో అన్నీ చెప్పాడు.

"మేం ఖమ్మం మిర్చి యార్డుకి పోతున్నాం, సాయంత్రానికి వస్తాం. నాన్న పేరు వెంకటరామారావు. మా సొంతూరు మధిర, ఊరికే అక్కడికి పోతానంటాడు. నువ్వొచ్చేదాకా మా బాబాయ్ ఉంటాడు, అప్పజెప్పి పోతాడు. గేటు తాళంచెవి గోడ మీద పూలకుండీ కింద ఉంది. లోపలికెళ్ళి మళ్ళీ తాళం వెయ్. ఇక ఏం చెప్పినా తియ్యకు."

హేమలత కుండీ కింది చెవితో గేటు తీసేసరికి లోపల ఒక పెద్దాయన సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఫోను, చేతిలో సంచి. ముఖం నిండా మర్యాద.

"రామ్మా. నీ పేరేంటి?"

"హేమలత సార్."

"మంచి పేరు. లోపల స్నానం చేస్తున్నాడు. ఓ కన్నేసి ఉంచాలి తల్లీ, వదిలితే బస్టాండుకి పోతాడు. ఏదీ గుర్తుండదు, చెబితే కోపం." గొంతు తగ్గించాడు. "పేరు మాత్రం మర్చిపోడు. మా ఇళ్ళల్లో మగపిల్లాడు పుడితే తాత పేరే. రాయి విసిరితే ఎవడో ఒక వెంకటరామారావుకే తగులుతుంది."

హేమలత నవ్వేసింది. పేషెంట్లు కూడా ఇంత కలుపుగోలుగా ఉంటే ఎంత బాగుండు అనుకుంది. వెనక్కి తిరుగుతున్న ఆటోని తనే ఆపి, ఆయన్ని ఎక్కించి, సంచి అందించింది.

"ఎక్కడికి సార్?" అన్నాడు ఆటో భద్రు.

"ఎక్కడికైనా పోనియ్ నాయనా, గాలి బాగుంది."

ముగ్గురూ నవ్వారు.

"నీ పేరేంటన్నావమ్మా?"

"హేమలత సార్."

"మంచి పేరు."

ఆమె గేటుకి తాళం వేసి, చెవిని చున్నీ కొసకి ముడేసుకుంది.

కాసేపటికి స్నానాలగది తలుపు తెరుచుకుంది. తువ్వాలు కట్టుకున్న మనిషి బయటికొచ్చాడు.

"నా చొక్కా ఏది? ఫోనేది?"

హేమలత ట్రైనింగ్‌లో మొదటి పాఠం తలుచుకుంది. వస్తువులు పోయాయంటారు, వాదించకండి.

"దేవులాడుదాం పెద్దయ్యా. మీ పేరేంది?"

"వెంకటరామారావు. చెప్పులు కూడా లేవు. గేటు తియ్, నేను మధిర పోవాలి."

"అవ్ పెద్దయ్యా, పోదాం. ముందుగాల టిఫిన్ చెయ్యిన్రి."

"నాకేం జబ్బు లేదే పిచ్చిపిల్లా."

అది రెండో పాఠం. పాఠాల వరస తప్పకుండా నడుస్తున్న ఈ పేషెంటు మీద ఆమెకు ముచ్చటేసింది. ఆయన ఏదో వివరించబోయినప్పుడల్లా మూడో పాఠం ప్రకారం మాట మార్చింది.

"మీ చిన్నప్పుడు ఎన్ని ఎడ్లుండె పెద్దయ్యా?"

"నాలుగు జతలు," అన్నాడాయన అలవాటుకొద్దీ. తర్వాత నెత్తి కొట్టుకున్నాడు. "మురళికి ఫోన్ కలుపు."

కలిపింది. యార్డు హడావుడిలో ఎవరూ ఎత్తలేదు.

పదకొండింటికి ఆయన గేటెక్కబోయాడు. తువ్వాలు చిక్కుకుని సగంలో ఆగాడు. దింపి, మురళీకృష్ణ లుంగీ ఒకటి చుట్టబెట్టి, వరండా గ్రిల్లుకి కూడా తాళం వేసింది. పన్నెండింటికి తిట్లు మొదలయ్యాయి. తండాలో ఇంత ఓపిగ్గా తిట్టేవాళ్ళు లేరు. ఆయన స్టీలు గ్లాసుతో గ్రిల్లు వాయిస్తుండగా ఫోను మోగింది.

"మీకిష్టమైన నది ఒడ్డున ఉన్నట్టు ఊహించుకోండి," అంది తియ్యటి గొంతు.

హేమలత భద్రాచలం దగ్గర గోదావరిని ఊహించుకుంది. అందులోనూ గ్లాసు మోత వినపడింది. నవ్వు ముఖం నొక్కింది.

రెండింటికి ఆయన అలిసిపోయి గ్రిల్లు పట్టుకుని నిలబడ్డాడు. "పోనియ్యమ్మా, మా ఇంటిది ఎదురుచూస్తుంటుంది."

అప్పుడు మాత్రం ఆమెకు కళ్ళు తడిశాయి. చెయ్యి చున్నీ ముడి మీదికి పోయింది. మేడం గుర్తొచ్చి ఆగిపోయింది. పెరుగన్నం కలిపి పెట్టింది. తిట్టుకుంటూనే రెండుసార్లు పెట్టించుకున్నాడు.

అయిదింటికి బయట కారు ఆగింది. హేమలత ముందు మేడానికి 'పేషెంటు గేటు దాటలేదు' అని మెసేజి కొట్టింది. తర్వాత నిజంగానే సంతోషమేసి, ఎవరూ అడగకుండానే నవ్వు ముఖం నొక్కి, తాళంచెవి ఊపుకుంటూ వెళ్ళి గేటు తీసింది.

మురళీకృష్ణ ఆమెను దాటుకుని వరండా దాకా వచ్చి, తన లుంగీలో ఉన్న మనిషిని గ్రిల్లులోంచి చూసి అడిగాడు: "బాబాయ్, నువ్వింకా పోలేదా, మరి నాన్నేడి?"