కమోడ్ కింద రింగు

"ఎత్తు భారతీ, ఎత్తు!" అని కేక పెట్టింది హేమ.

కమోడ్ నేల వదిలి పైకి లేచింది. ఇద్దరూ కలిసి దాన్ని గోనెసంచి మీద పడుకోబెట్టారు. గొట్టం మూతి చుట్టూ ఉండే ఫ్లాంజ్ రింగు రెండు ముక్కలై ఉంది.

"దొరికిపోనాది దొంగ!" హేమ గంతేసింది. "నెల్రోజుల్నించి నీళ్లు కారతన్నది దీన్నించే."

"ప్లంబర్ని పిలవకపోయావా అక్కా?" ముక్కు మూసుకుని అడిగింది భారతి. పక్క వాటాలో నిన్ననే దిగి, అప్పుడే అక్కా అని పిలిచేస్తోంది.

"పిలవకపోడమేటి! ఎప్పుడడిగినా రేపంటాడు. పొద్దున కూడా అడిగినాను. అరసవల్లిలో పనున్నాది, రేపు సూస్తానని ఎలిపోనాడు. సాయంత్రానికి మా అమ్మ దిగుతాది. మోకాలి ఆపరేషన్ అయినాది, కింద కూకోనేదు. ఊగే కమోడ్ మీంచి పడిపోతే?"

"అలాంటోడికి మళ్లీ పని సెప్పకూడదు!" భారతికి కోపం వచ్చేసింది.

వాసన రాకుండా గొట్టంలో గుడ్డ కుక్కి, హేమ పాత ముక్కలు పీకేసింది. కొట్లో కొన్న కొత్త రింగు బిగించి, పైన రబ్బరు వాషరు పెట్టింది. ఇద్దరూ కమోడ్ మోసుకొచ్చి బోల్టుల మీదికి దింపబోతుంటే భారతి కెవ్వుమంది.

"అక్కా, గుడ్డ! గుడ్డ తియ్యనేదు!"

కమోడ్‌ని పక్కన దింపి, గుడ్డ లాగి, నవ్వాపుకోలేక తడి నేల మీదే కూలబడ్డారు.

రెండోసారి కమోడ్ సరిగ్గా కూర్చుంది. నట్లు బిగించి, హేమ దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగింది. కదల్లేదు. ఊపిరి బిగబట్టి ఫ్లష్ నొక్కింది. నీళ్లు జోరుగా దిగిపోయాయి. భారతి వంగి చుట్టూ వేలితో తడిమింది.

"పొడిగా ఉన్నాదక్కా! సుక్క నేదు!"

ఇద్దరూ చేతులు పట్టుకుని బాత్రూంలోనే గిర్రున తిరిగారు.

అంతలో గేటు దగ్గర బండి ఆగింది. హేమ కిటికీలోంచి చూసి, "అదిగో, వచ్చీసినాడు ప్లంబరు" అంది.

భారతి కొంగు దోపుకుని ఒక్క పరుగున వీధిలోకి వెళ్లింది. "ఏటయ్యా, పనంతా అయిపోనాక ఇప్పుడా రావడం? నువ్వేం అక్కర్నేదు, ఎల్లు!"

ఆ మనిషి పనిముట్ల సంచి అరుగు మీద పెట్టి, చెప్పులు విప్పుతూ లోపలికి కేకేశాడు.

"ఒసే హేమా! ఎవరే ఈవిడ? అత్త దిగిపోనాదేటి? ముందు నాకు కూడెట్టీయే, ఆకలేస్తన్నాది!"