మొదటి మూట పొట్టు

"ఇది ఆ పొట్టు కాదక్కా! నన్నెందుకు ఇట్ల మోసం చేస్తావు?"

జయంతి మూట విప్పి వాకిట్లో కుమ్మరించింది. వేరుశనగ బుడ్డల పొట్టు గాలికి లేచి తిప్పమ్మ కాళ్ళ మీద పడింది.

"దేవుని తోడు మేడమ్. అదే చేను, అదే పంట. మీ జీపు తోలే ఆయప్ప ముందు తీసకపోయిందీ మా ఇంట్లోదే, ఇదీ మా ఇంట్లోదే. పొట్టులో మోసం చేసి నేనేం బాగుపడతా?"

నిజమే కదా. కాయల్లో పప్పే నిండని శింగనమల మెట్టలో పొట్టుకు కూడా మోసమా? కానీ అంత నిదానంగా ఆలోచించే స్థితిలో జయంతి లేదు. యూనివర్సిటీలో ఐదేళ్ళుగా ఆమెది ఒకటే పని. వేరుశనగ పొట్టును గాలి తగలకుండా కాల్చి, వెంట్రుకలో వెయ్యోవంతు కన్నా సన్నటి నానో కార్బన్ పొడి తీయడం. తిప్పమ్మ ఇంటి నుంచి వచ్చిన మొదటి మూటతో చేసిన పొడి చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టేంత కరెంటు దాచుకుంది. జయంతి పేరు పై దేశాల పత్రికలో పడింది. ఆ తర్వాత అదే ఇంటి పొట్టు, అదే కొలిమి, అదే జయంతి. వచ్చింది మాత్రం ఒట్టి బొగ్గు.

"మళ్ళీ చేసి చూపించలేకపోతే అది పరిశోధన కాదమ్మా, అబద్ధం," అన్నారు గైడు గంగాధరప్ప. "సోమవారం లోపల చూపించు. లేదా పీహెచ్‌డీ మీద ఆశ వదులుకో. దొంగ లెక్కలు రాసిన పిల్ల అని నలుగురూ అంటే నేను ఆపలేను."

ఏడ్చి ఏడ్చి, చివరికి మొదటి మూటలో మిగిలిన పిడికెడు పొట్టును మిషన్లో పెట్టి చూసింది. దాని నిండా భాస్వరం. ఎరువుల్లో, పొలం మందుల్లో ఉండే భాస్వరం. రెండో మూటలో దాని జాడే లేదు. వెంటనే బస్సెక్కి వచ్చేసింది.

"చేనుకు డీఏపీ ఏమన్నా వేసినారా? మందు కొట్టినారా?"

"వాన లేక చెట్టే మాడిపాయ. ఎరువెవరేస్తారు, మందెవరు కొడతారు మేడమ్?"

"అయితే కాయ వలిచినాకే. కొట్టంలో పొట్టు కుప్ప మీద ఏదో పోసినారు. బాగా గుర్తు తెచ్చుకోక్కా."

తిప్పమ్మ కొట్టం వైపు చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జయంతి ఆమె ముఖం చూడలేదు. చూసి ఉంటే అక్కడితో ఆగిపోయేదేమో. దొరికిందన్న సంబరం ఆమెను నిలవనీయలేదు. తిప్పమ్మ చెయ్యి పట్టుకుంది.

"పోసినారు కదా! ఎవరు పోసినారో ఆయన్ను పిలువక్కా. మళ్ళీ అదే, అట్లనే పోయమను. నీకు పుణ్యముంటుంది, నా బతుకు నిలబడుతుంది."

తిప్పమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"పోసింది కాదు మేడమ్, ఒలికింది. ఆయన్ను యాడనుంచి పిలిచేది? ఆ పొట్టు కుప్ప మీద కూచోనే మా ఆయన పురుగుల మందు తాగినాడు."