మూత మీద పేరు

షట్టర్ ఎత్తేసరికి నిప్పొంబషి వీధి మలుపు దాకా క్యూ ఉంది. చిజురుకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇకమీదట వీడియో గేములన్నీ నెట్‌లోనే, డిస్కులుండవు అని రెండేళ్ళుగా అందరూ అంటూంటే, ఆమె కొట్టు మూసేద్దామనే అనుకుంది. తీరా చూస్తే కొత్త గేమ్ మెషిన్‌కి డిస్క్ పెట్టే స్లాట్ ఉంచారు! డిస్కులున్నంత కాలం తన కొట్టూ ఉంటుంది.

"ఆ స్లాట్ ఉంచిన మహానుభావుడెవరో గానీ, కనిపిస్తే కాళ్ళ మీద పడతాను," అంది పొద్దున్నుంచి పదోసారి.

ఆ రోజే దాని మొదటి అమ్మకం, అదీ లాటరీలో పేరొచ్చినవాళ్ళకే. మళ్ళీ అమ్ముకోకుండా పెట్టె మూత మీద కొన్నవాళ్ళ పేరు లావు పెన్నుతో రాయడం, ఆపైన మెషిన్ గురించి ఓ ప్రశ్న అడగడం ఆ కొట్టు పద్ధతి. జవాబు తప్పితే మారుబేరగాడని లెక్క.

ఇరవయ్యో నంబరు ఓ ముసలాయన. చిజురు పేరు రాస్తుంటే మురిపెంగా చూశాడు.

"తాతగారూ, ఇంట్లో కూర్చుని నెట్‌లో తెప్పించుకోవచ్చుగా?"

"కౌంటర్ మీంచి చేతికందుకుంటే ఆ సరదాయే వేరమ్మా."

"సరే, చెప్పండి. డిస్క్ స్లాట్ ఏ పక్క?"

"ఎడమ పక్క."

క్యూలోవాళ్ళు గొల్లుమన్నారు. కేటలాగ్ బొమ్మలో అది కుడి పక్కనుంది. ముందొచ్చిన పంతొమ్మిది మందీ కుడి అనే చెప్పారు.

"ఎవరు పంపారు తాతా మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదమ్మా. అది ఎడమే."

"బొమ్మైనా చూడకుండా బేరానికొచ్చేశారా! తప్పుకోండి, వెనక జనం ఉన్నారు."

ఆయన పెట్టెను ఒక్కసారి తడిమాడు. చుట్టూ కలియజూశాడు.

"కొట్టు కళకళలాడుతోంది. అది చాలు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

చిజురు మూత మీద పేరు కొట్టేసింది. పేరు రాసిన పెట్టె ఇంకెవరూ తీసుకోరు కాబట్టి, జనం ఆడి చూడ్డానికి మధ్యాహ్నం దాన్నే విప్పింది. మెషిన్ బయటికి రాగానే ఒకటే చప్పట్లు, ఈలలు!

డిస్క్ పెడదామని చూసింది. కుడి పక్క నున్నగా ఉంది. స్లాట్ ఎడమ పక్కనుంది.

పెట్టె అడుగున కంపెనీవాళ్ళ కాగితం కనిపించింది. తీసి చదివింది.

'కేటలాగ్ అచ్చయ్యాక స్లాట్‌ను ఎడమకు మార్చాం, మన్నించండి. అసలీ స్లాటే వద్దనుకున్నాం. కొట్లు బతకాలని, రిటైరయ్యే రోజు దాకా మాతో పోట్లాడి దీన్ని పెట్టించిన మా ఇంజనీరు ఉరబె సేజి గారికి కృతజ్ఞతలు.'

చిజురు అట్టపెట్టె మూత వైపు తిరిగింది. తను గీసిన అడ్డగీత కింద, తన చేతిరాతలోనే, ఉరబె సేజి అని ఉంది.