పన్నెండు టిక్కులు

"ఈవిడకి సర్టిఫికెట్ ఇవ్వకండి," అంది జనెల్, అందరూ వింటుండగానే.

చర్చి కింది గదిలో మడత కుర్చీల మీదున్న నెరిసిన తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. పెద్దవయసు డ్రైవర్లకి పాఠం చెప్పే వెర్లిన్ కాఫీ కప్పు దించాడు. హైవే పోలీసుగా రిటైరైన మనిషి, ఆయనకీ డెబ్బై దాటాయి.

"ఇక్కడ ఫెయిలవడం అంటూ లేదమ్మా. ఎనిమిది గంటలూ కుర్చీ వదలకుండా కూర్చుంటే కాగితం ఇస్తాం. అది చూపిస్తే కారు ఇన్సూరెన్సువాళ్ళు పదిశాతం తగ్గిస్తారు."

"నిద్రపోయినా ఇస్తారా?"

"గురక పెట్టకపోతే ఇస్తాం."

అందరూ నవ్వారు. జనెల్ పక్క కుర్చీలో కూర్చున్న డెబ్బై తొమ్మిదేళ్ళ ఆర్డిస్ కూడా నవ్వింది.

"నా కోడలు. నాకు తోడొస్తానంది. కాపలాకొచ్చింది," అంది అందరికీ చెబుతున్నట్టు.

"నవ్వండి, నవ్వండి! సోమవారం నుంచి మా కోల్బీని బడికి తీసుకెళ్ళేది ఈవిడే. వాడికి తొమ్మిదేళ్ళు. నాకున్నది వాడొక్కడే," అంది జనెల్. "నెల కిందటే ఈవిడకి కంటి ఆపరేషనయింది. ఇవాళ్టిదాకా ఎక్కడికెళ్ళాలన్నా నా కారులో నేనే తిప్పాను."

"తిప్పింది, పాపం. ఎలా తిప్పిందో నాకే తెలుసు," అంది ఆర్డిస్.

సోమవారం నుంచి జనెల్‌కి ఫ్యాక్టరీలో తెల్లవారుజాము డ్యూటీ. అమ్మ ఆ క్లాసేదో పూర్తి చేస్తే ఇన్సూరెన్సూ తగ్గుతుంది, పిల్లాడికి బండీ కుదురుతుంది అని తేల్చేశాడు మొగుడు. ఆయన అలా అన్నప్పటినుంచీ ఆమెకి కళ్ళు మూస్తే ఒకటే దృశ్యం. మంచు మీద జారిన అత్తగారి నీలం కారు, కాలవలో తలకిందులై గాలిలో తిరుగుతున్న చక్రాలు, రోడ్డు మీద ఒంటరిగా ఒక చిన్న బూటు. ఫోను మోగినప్పుడల్లా ఆ కబురేనేమోనని లాక్కుని చూస్తోంది. పొద్దున కారు నడుపుకుంటూ ఇక్కడికొస్తూ, బడి నుంచి ఏమైనా వచ్చిందేమోనని ఫోను చూసుకుంటుంటే, వెనక లారీవాడు చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టాడు. మనుషులకి ఓపికే లేకుండా పోయింది.

వెర్లిన్ కాగితాలు పంచాడు. "ఇది పరీక్ష కాదు. పైన డ్రైవరు పేరు, కింద పన్నెండు ప్రశ్నలు. అవునైతే టిక్కు పెట్టండి. నిజం రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు."

ఆర్డిస్ పెన్సిలు తీసింది. పేరు రాసి, ఆ భాగాన్ని వెనక్కి మడిచి, మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మోచేతి చాటున పెన్సిలు టకటకా ఆడుతుంటే జనెల్‌కి ఒళ్ళు మండింది. తన కాగితం ఖాళీగానే ఉంది. తనకేం పట్టింది? యాభై అయిదు నిండనివాళ్ళకి తగ్గింపే రాదు.

ఆర్డిస్ కాఫీకీ కేకుకీ చెయ్యి చాపిందో లేదో, జనెల్ కాగితం లాగేసుకుని లేచి నిలబడింది.

"వినండి! వెనక బండ్లవాళ్ళు హారన్ కొడుతున్నారా? టిక్కు. కారణం లేకుండా బ్రేకు తొక్కుతున్నారా? టిక్కు. రోడ్డు వదిలేసి పక్కకీ వెనక్కీ చూస్తున్నారా? టిక్కు. బండికి ఎక్కడ తగిలాయో తెలీని గీతలు? టిక్కు! పన్నెండుకి పన్నెండు!"

మూలన కాఫీ కాచే డ్రమ్ము గురగురమంటోంది.

"అమ్మా, అది ఆవిడ సొంత కాగితం," అన్నాడు వెర్లిన్.

"మీరు పోలీసు పని చేసినవాళ్ళు. చెప్పండి. ఈ మనిషి బండిలో మీ మనవణ్ణి ఎక్కిస్తారా?"

వెర్లిన్ బూట్లకేసి చూసుకున్నాడు. "ఎక్కించను."

"గట్టిగా చెప్పండి. చివరి వరసవాళ్ళకి వినపడాలి."

"ఎక్కించనమ్మా. పన్నెండు టిక్కులు పడ్డ మనిషి తాళాలు ఇవాళే ఇంట్లోవాళ్ళకి ఇచ్చెయ్యడం మంచిది."

జనెల్ అత్తగారి ముందు అరచెయ్యి చాపింది. "విన్నారుగా. ఇటు పెట్టండి తాళాలు."

ఆర్డిస్ కంగారుపడలేదు. చేతిలో మిగిలిన చాక్లెట్ కేకు ముక్క తిని, వేళ్ళు తుడుచుకుని, సంచిలోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. కానీ వాటి మీంచి చెయ్యి తియ్యలేదు.

"ముందు నువ్వో మాట చెప్పు జనెల్. ఆ టిక్కులు పడ్డ మనిషి, కోల్బీ కూర్చున్న బండి నడపకూడదు. అంతేనా?"

"అంతే!"

"కన్నీళ్ళు పెట్టుకున్నా? బతిమాలినా?"

"ఏం చేసినా సరే! చర్చిలో నిలబడి చెబుతున్నా, దేవుడి మీద ఒట్టు. అమ్మయినా, నాన్నమ్మయినా, ఎవరైనా సరే, నా బిడ్డ ఆ మనిషి బండెక్కడు."

"వెర్లిన్ గారూ, మీరు విన్నారు కదా?"

"విన్నానమ్మా," అన్నాడాయన బాధగా.

"మీరంతా?"

వరసల్లో తలలు ఊగాయి.

"సరే. ఇక ఆ మడత విప్పు, బంగారం."

జనెల్ విసురుగా మడత విప్పింది. పైన, డ్రైవరు పేరు రాసే చోట, ఆర్డిస్ గుండ్రటి అక్షరాల్లో జనెల్ పేరే ఉంది.