బంద్ కోడ్

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పనికీ, ప్రతి సెలవుకూ ఒక కోడ్ ఉంటుంది. వాటిని రూపొందించేది నేను. సకల జనుల సమ్మె మొదలైన వారంలో మేనేజర్ సాంబమూర్తి గారు నా దగ్గరికి వచ్చారు.

“బంద్ వల్ల రాలేకపోయిన రోజులకి విడిగా ఓ కోడ్ పెట్టవయ్యా.”

“పెడితే ఉద్యమంల ఎవరెవరున్నరో జాబితా తయారైతది. మీకు గావాల్సింది గదే గద సార్?”

అందరూ వింటుండగా పావుగంట వాదించాను. మావాళ్లు బల్లలు చరిచారు. ఆయన “సరే, నీ ఇష్టం” అని వెళ్లిపోయారు.

సమ్మె ముగిశాక, కోడ్ లేని గైర్హాజరు పది రోజులు దాటినవారిని బెంగళూరు హెడ్డాఫీసు తొలగించింది. నేను మూసారాంబాగ్ నుంచి నడిచి వచ్చేవాణ్ణి కనుక నా పేరు లేదు. మీర్‌పేట్ నుంచి బస్సులో వచ్చే మాలతి పేరు ఉంది.

ఆ కోడ్‌ను అప్పుడు సృష్టించాను. గడిచిన తేదీలకు అది వర్తించలేదు.

“హెడ్డాఫీసు కోడ్ లేని రోజుల్నే పట్టుకుంటుందని ఆ రోజే అనుకున్నానయ్యా,” అన్నారు సాంబమూర్తి గారు. ఆయన గొంతులో కోపం లేదు.

మాలతి సొరుగు ఖాళీ చేస్తూ అడిగింది.

“బస్సులు బంద్ ఉండెనని రాసే జాగనే లేకుండెనా అన్నా అండ్ల?”

“లేకుండె,” అన్నాను.